అష్టభుజి కింద చుట్టరికం

భారతీయ రోడ్ల మీద 2019 నుంచి తిరుగుతున్న హెక్టర్ కారు ముందుభాగాన ఎనిమిది మూలల చట్రంలో కనిపించే ‘ఎంజీ’ అన్న అక్షరాలు తెలుగు పాఠకులకు కొత్త కావు గానీ, ఇంగ్లండులో ఆ అక్షరాలు దాదాపు వందేళ్లుగా మరో రకం వాహనానికి, దాని చుట్టూ అల్లుకున్న ఒక సమాజానికి గుర్తుగా ఉంటూ వచ్చాయన్న సంగతి ఇక్కడ అంతగా ప్రచారంలో లేదు. ఆ వాహనం స్పోర్ట్స్ కారు. కుటుంబమంతా ఎక్కడానికో సరుకు మోయడానికో కాక నడిపేవారి సరదా కోసమే తయారైన, ఇద్దరు మాత్రమే కూర్చోగల, నేలకు బాగా దగ్గరగా ఉండే, చాలావరకు పైకప్పు మడిచేయడానికి వీలున్న చిన్న కారును ఆ పేరుతో పిలుస్తారు. ఆ సమాజం పేరు ఎంజీ కార్ క్లబ్. స్పోర్ట్స్ కారు యజమానుల క్లబ్బులో సభ్యత్వమంటే ఏమిటో తెలుసుకోవడానికి, 1930లో మొదలై నేటికీ నడుస్తున్న ఈ సంఘాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఎందుకంటే ఆ కార్లను చేసిన కర్మాగారం మూతపడి నాలుగు దశాబ్దాలు దాటినా క్లబ్బు మాత్రం మూతపడలేదు.

ఖరీదైన కార్లు కొన్నవారు తమ కలిమిని ఒకరికొకరు చూపుకోవడానికి చేరే చోటే ఇలాంటి క్లబ్బు అన్న అభిప్రాయం బయట బలంగా ఉంది, కొన్ని క్లబ్బుల విషయంలో అది అబద్ధమూ కాదు. అయితే ఎంజీ వంటి పాత, చవక స్పోర్ట్స్ కార్ల సంగతి దగ్గరగా చూస్తే తేలేది వేరు. అక్కడ సభ్యులను కలిపి ఉంచేది కారు గొప్పతనం కన్నా ఎక్కువగా కారు లోపాలే. వాన పడితే లోపలికి నీరు వచ్చే, చలికి మొరాయించే, అడుగు రేకు తుప్పుపట్టే యంత్రాన్ని ఎవరూ ఒంటరిగా యాభై ఏళ్లు నడపలేరు, నడపాలనుకున్నవారు ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పదు, ఆ ఆధారపడటమే కాలక్రమంలో స్నేహమై, వ్యవస్థై, ఒక్కోసారి తగాదా కూడా అవుతుంది.

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డులో కార్ల తయారీదారు విలియం మోరిస్‌కు చెందిన ఆ అమ్మకపు సంస్థకు 1922లో మేనేజరైన సెసిల్ కింబర్, మామూలు మోరిస్ కార్ల యంత్రభాగాలకే తేలికైన, చూడముచ్చటైన బాడీలు తొడిగించి వేరే పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో వచ్చినవాటిలో 1929 నాటి ఎం-టైప్ మిడ్జెట్ ముఖ్యమైనది. 847 సీసీ ఇంజను, గుడ్డ అంటించిన చెక్క బాడీ, 175 పౌండ్ల ధర కలిసి, అంతవరకు ధనికులకే చెల్లిన స్పోర్ట్స్ కారును గుమాస్తాలకు, చిన్న వ్యాపారులకు, వారి కొడుకులకు అందుబాటులోకి తెచ్చాయి. అదే ఏడాది చివర కర్మాగారం ఆక్స్‌ఫర్డుకు దగ్గర్లోని అబింగ్డన్ అనే చిన్న పట్టణానికి మారింది. మరుసటి ఏడాది, ఒక మోటారు పత్రికలో ఎంజీ యజమానులంతా ఒక క్లబ్బుగా ఏర్పడితే ఎలా ఉంటుందన్న లేఖ అచ్చయి, దానికి స్పందించినవారు 1930 అక్టోబరు 12న స్టీవెనేజ్ దగ్గర రోబక్ అనే సత్రంలో కలుసుకోవడంతో క్లబ్బు పుట్టింది. తొలి కార్యదర్శిగా పనిచేసిన జాన్ థార్న్‌లీ అప్పటికి లెక్కల వృత్తిలో ఉన్న యువకుడు. క్లబ్బు పని మీద కర్మాగారానికి వెళ్లివస్తూ కొంతకాలానికి అక్కడే ఉద్యోగంలో చేరిన ఆయన, 1952లో ఆ సంస్థకే జనరల్ మేనేజరై 1969 వరకు ఆ పదవిలో కొనసాగారు. కారు కొన్నవారి సంఘానికి కార్యదర్శి అయిన మనిషి కారు చేసే సంస్థకు అధిపతి కావడం మోటారు చరిత్రలో అరుదైన విషయం. తయారీదారుకూ కొనుగోలుదారుకూ మధ్య గోడ ఎంత పలచగా ఉండేదో చెప్పడానికి ఇది చాలు.

మొదట్లో క్లబ్బు పని ప్రధానంగా పోటీలు నిర్వహించడమే. ట్రయల్ అనే పోటీలో బురద నిండిన నిట్టనిలువు కొండదారులను కారు ఆగకుండా ఎక్కాలి. వెనుక చక్రాలకు పట్టు దొరకడం కోసం పక్కన కూర్చున్న మనిషి సీటు మీద ఎగిరెగిరి పడుతూ బరువు వేయడం ఆ ఆటలో గుర్తింపు పొందిన విద్య. ఆటోటెస్ట్ అనే మరో ఆటలో ఖాళీ మైదానంలో నిలిపిన ప్లాస్టిక్ శంకువుల మధ్య మలుపులు తిరుగుతూ, వెనక్కి నడుపుతూ గడియారంతో పోటీపడతారు. ఇందులో గెలిపించేది వేగం కన్నా చేతి ఒడుపు. సిల్వర్‌స్టోన్ వంటి పేరున్న రేసు మార్గాల మీద కూడా సభ్యులు సొంత కార్లతో పందేలు నడిపారు, ఇప్పటికీ నడుపుతున్నారు. కానీ సభ్యుల్లో ఎక్కువమంది ఎన్నడూ పందెంలో దిగినవారు కారు. వారికి క్లబ్బు అంటే నెలకోసారి ఏదో పల్లెటూరి పబ్బు ముందు జరిగే సాయంకాలపు సమావేశం.

ఆ సమావేశానికి కార్యక్రమ పట్టిక ఉండదు. పబ్బు ముందు ఖాళీ జాగాలో కార్లు వరసగా ఆగుతాయి, బానెట్లు తెరుచుకుంటాయి, మనుషులు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో ఇంజను మీదికి వంగి చూస్తూ కదులుతారు. కొత్తగా వచ్చినవారి పేరు కన్నా ముందు వారి కారు ఏ ఏడాదిదన్నది తెలుస్తుంది, చాలాకాలం వరకు వారు ‘ఆ ఆకుపచ్చ బీ కారాయన’గానో ‘టీసీ గల ఆవిడ’గానో తమ ఎంజీ నమూనా పేరుతోనే చలామణీ అవుతారు. వృత్తి, ఆదాయం, చదువు వంటి ప్రశ్నలు ఆలస్యంగా వస్తాయి, కొన్నిసార్లు రానే రావు. ఇంగ్లండు వంటి తరగతుల స్పృహ ఎక్కువగా ఉన్న దేశంలో ప్లంబరూ న్యాయవాదీ ఒక గేర్‌బాక్సు గురించి సమానంగా వాదించుకోగల చోట్లు ఎక్కువ లేవు. ఆ వాదనలో పైచేయి సాధారణంగా ప్లంబరుదే.

పాత ఎంజీలకు సాధారణంగా రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు ఉంటాయి. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పరికరమే కార్బ్యురేటర్. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఇంజను కుదురుగా తిరగదు. ఆ సమానత్వాన్ని పరీక్షించడానికి యంత్రాలు వచ్చాయి గానీ, క్లబ్బులో తలపండినవారు జానెడు రబ్బరు గొట్టం ఒక కొనను కార్బ్యురేటర్ నోటి దగ్గర, రెండో కొనను చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరు స్టెతస్కోపుతో గుండె విన్నట్టు రెండింటి బుసనూ మార్చి మార్చి విని, రెండూ ఒకే స్థాయికి వచ్చేదాకా మరను పావు వంతు, అందులో సగం తిప్పుతూ పోతారు. ఆ తర్వాత కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ను ఒక వెంట్రుకవాసి పైకి లేపుతారు. అప్పుడు ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు పాలు ఎక్కువైందని, తడబడి ఆగబోతే తక్కువైందని, క్షణంపాటు పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉందని గ్రహిస్తారు. ఈ విషయం మరమ్మతు పుస్తకాల్లో అచ్చులో ఉన్నదే. అయినా సరైన బుస ఎలా ఉంటుందో పుస్తకం వినిపించలేదు కాబట్టి, తెలిసినవారు గొట్టాన్ని తెలియనివారి చెవికి ఆనించి ‘ఇదిగో, ఇదీ’ అనడం ద్వారానే ఆ విద్య తరం నుంచి తరానికి నడుస్తోంది.

చువ్వల చక్రాల విషయమూ అంతే. ఈ చక్రాలను నాలుగైదు బోల్టులతో కాక, మధ్యలో రెండు చెవులున్న ఒకే పెద్ద నట్టుతో బిగిస్తారు, ఊడదీయడానికి పానా కాక రాగి తలకాయ ఉన్న సుత్తి వాడతారు. ఇనప సుత్తి అయితే నట్టు మీది క్రోమ్ పూత చిట్లిపోతుంది. ఎడమవైపు నట్టు మర, కుడివైపు నట్టు మర ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో ఉంటాయి. తెలియక ఇరుసు భాగాలను అటువి ఇటు బిగించినవారి కారులో చక్రం తిరుగుతున్నకొద్దీ నట్టు తనంతట తానే వదులవుతుంది. ఇలాంటి చోట అనుభవజ్ఞుడైన సభ్యుడి ఒక్క హెచ్చరిక ఏడాది సభ్యత్వ రుసుముకన్నా విలువైనదని చెప్పడం అతిశయోక్తి కాదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ వ్యవహారం సముద్రం దాటింది. ఇంగ్లండులో మకాం వేసిన అమెరికా సైనికులు ఈ చిన్న కార్లను చూసి ముచ్చటపడ్డారు, 1945లో వచ్చిన టీసీ నమూనా ఎగుమతుల రూపంలో వారి వెంట వెళ్లింది. 1,250 సీసీ ఇంజను, కర్ర చట్రం మీద రేకు తొడిగిన బాడీ, సన్నని పెద్ద చువ్వల చక్రాలు గల టీసీలు 1949 దాకా మొత్తం పదివేల వరకు తయారైతే, వాటిలో అమెరికాకు వెళ్లినవి సుమారు రెండు వేలే. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి గానీ, ఈ కారులో స్టీరింగు ఇంగ్లండు పద్ధతిలో కుడివైపే ఉండిపోయింది. రెండూ ఒకేవైపు ఉండటం వల్ల ముందున్న లారీని దాటడం నడిపేవారికి పెద్ద పరీక్ష అయ్యేది. ఇంత అసౌకర్యం ఉన్నా, బహుశా ఇంత అసౌకర్యం ఉండటం వల్లనే, ఎదురుపడిన మరో స్పోర్ట్స్ కారుకు చెయ్యి ఊపి పలకరించే ఆనవాయితీ అక్కడ స్థిరపడింది. టీ-వరస కార్ల కోసం న్యూ ఇంగ్లండు ప్రాంతంలో ఏర్పడిన సంఘం తన సమావేశాలకు ‘గ్యాదరింగ్ ఆఫ్ ది ఫెయిత్‌ఫుల్’, అంటే విశ్వాసుల కూడిక, అని పేరు పెట్టుకుంది. అందులో హాస్యం పాలు ఎంతో భక్తి పాలు ఎంతో సభ్యులే చెప్పలేరు.

క్లబ్బు స్వభావాన్ని మార్చివేసిన ఘట్టం 1979లో వచ్చింది. అబింగ్డన్‌కు ఎంజీ వచ్చి యాభై ఏళ్లయిన సందర్భంగా పట్టణం ఉత్సవం జరుపుకున్న వెంటనే, సెప్టెంబరు 10వ తేదీ సోమవారం నాడు, అప్పటి యజమాని సంస్థ బ్రిటిష్ లేలాండ్ ఆ కర్మాగారాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటించింది. అభిమానులు తమ కార్లతో లండన్‌లో ఊరేగింపు తీశారు. ఆస్టన్ మార్టిన్ నాయకత్వంలోని బృందం కొనడానికి ముందుకు వచ్చినా బేరం కుదరలేదు. 1980 అక్టోబరులో చివరి ఎంజీబీ అక్కడి నుంచి బయటికి వచ్చింది. 1962లో మొదలైన ఆ ఒక్క నమూనాలోనే అప్పటికి 5 లక్షలకు పైగా కార్లు తయారై ఉన్నాయి. ఇన్ని కార్లకు ఇక దిక్కెవరన్న ప్రశ్నకు జవాబుగానే క్లబ్బులు వినోద సంఘాల స్థాయి నుంచి సంరక్షక సంస్థల స్థాయికి ఎదిగాయి. 1973లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో విడిగా మొదలైన ఎంజీ ఓనర్స్ క్లబ్ విడిభాగాల అమ్మకం, సొంత వర్క్‌షాపు వంటి సేవలతో వేగంగా పెరిగింది; పాత క్లబ్బు పోటీలకూ చరిత్రకూ పెద్దపీట వేస్తే, ఇది రోజూ కారు నడుపుకునే సాధారణ యజమానికి దగ్గరైంది. రెండింటికీ మధ్య ఎత్తిపొడుపులు లేకపోలేదు.

ఎంజీబీకి ఛాసిస్ అనే విడి చట్రం ఉండదు. బాడీ రేకులే ఒకదానికొకటి వెల్డింగై బరువంతా మోస్తాయి, ఈ నిర్మాణాన్ని మోనోకాక్ అంటారు. తలుపుల కింద పొడవునా ఉండే డొల్ల ఉక్కు దూలాలు, అంటే సిల్స్, ఇందులో ప్రాణాధారం. ఇంగ్లండులో శీతాకాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఆ ఉప్పునీరు సిల్స్ లోపల చేరి తుప్పు పైకి కనబడకుండా తినేస్తుంది, పైరంగు నిగనిగలాడుతున్న కారు కూడా జాకీ పెట్టి లేపితే నడుం వంగిపోవచ్చు. అందుకే పాత ఎంజీబీ కొనబోయేవారికి క్లబ్బు సభ్యులు ఇచ్చే మొదటి సలహా ఇంజను గురించి కాదు, తలుపు మూసినప్పుడు దాని అంచుకూ రేకుకూ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో ఉందో లేదో చూడమని. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెతికి తీసి ఎంజీబీకి సరికొత్త బాడీలను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. ఉత్పత్తి ఆగిన ఎనిమిదేళ్లకు ఒక కారు పూర్తి బాడీ కొత్తగా దొరకడం అప్పటికి విన్నది కాదు. ఎప్పటికప్పుడు ఆ భాగాలు కొనే యజమానులు సంఘటితంగా లేకపోతే అలాంటి ఉత్పత్తికి వ్యాపార భరోసా దొరికేది కాదు.

దానితోపాటే ఒక తార్కికపు చిక్కు కూడా వచ్చిపడింది. బాడీ కొత్తది, ఇంజను మరో కారుది, సీట్లు నిన్న కుట్టించినవి అయినప్పుడు అది 1964 కారేనా? క్లబ్బులో ఈ వాదానికి అంతం లేదు. రిజిస్టర్లు అనే ఉపసంఘాలు, అంటే ఒక్కో నమూనాకు ఒక్కో శాఖ, ఛాసిస్ నెంబర్లూ, ఇంజను నెంబర్లూ, రంగు సంకేతాలూ సేకరించి పెడతాయి. యుద్ధానికి ముందరి మిడ్జెట్, మాగ్నా, మాగ్నెట్ కార్లను చూసే ట్రిపుల్-ఎం రిజిస్టరు ఈ శ్రద్ధకు పేరుపడింది. పాత కారుకు దాని అసలు రిజిస్ట్రేషన్ నెంబరు తిరిగి కావాలంటే బ్రిటన్‌లో గుర్తింపు పొందిన క్లబ్బు తరఫున ధ్రువీకరణ అవసరం, అంటే ఇక్కడ ఒక స్వచ్ఛంద సభ్యుడి సంతకానికి ప్రభుత్వ శాఖ దగ్గర విలువ ఉంది. అందువల్ల స్నేహితుడి కారును కూడా కాదనవలసిన సందర్భాలు వస్తాయి, వచ్చినప్పుడు ఆ స్నేహాలు అన్నీ నిలబడవు. మరోవైపు, కర్మాగారంలో ఎలా పుట్టిందో అలాగే ఉండాలనేవారికీ, బ్రేకులు మెరుగుపరచుకుని రోజూ నడుపుకోవాలనేవారికీ మధ్య తగవు నిరంతరం సాగుతుంది. దుమ్ము తగలనివ్వని ప్రదర్శన కారు కన్నా పిల్లలూ కుక్కా ఎక్కి దిగే కారుకే క్లబ్బు రుణపడి ఉందని అనిపిస్తుంది, ఎందుకంటే విడిభాగాలు అరగదీసి మళ్లీ కొనేది ఆ రెండో రకమే.

ప్రభుత్వ విధానాల దగ్గర క్లబ్బు విలువ ఇంకో రకంగా బయటపడింది. 2000లో బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం నుంచి తప్పుకున్నప్పుడు పాత ఇంజన్ల వాల్వు సీట్లు, అంటే వాల్వు మూసుకునేటప్పుడు ఆనే అంచులు, త్వరగా అరిగిపోతాయన్న భయం పుట్టింది. క్లబ్బులన్నిటికీ పైనున్న సమాఖ్య, పెట్రోలులో కలిపే ప్రత్యామ్నాయ ద్రవాలను పరీక్ష చేయించి, పనికొచ్చేవి ఏవో ప్రకటించింది. 2021లో పది శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చినప్పుడు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి కారతాయన్న హెచ్చరికా, మార్చవలసిన గొట్టాల వివరమూ యజమానులకు ఎక్కువగా క్లబ్బుల ద్వారానే చేరాయి. భారతదేశంలో ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు మీద ఇటీవల జరుగుతున్న చర్చను గమనించేవారికి ఇది పరిచయమైన విషయమే. తేడా ఏమిటంటే, ఇక్కడ పాత బండి యజమాని ఆ ప్రశ్నను మెకానిక్‌ను అడుగుతాడు, అక్కడ సంఘాన్ని అడుగుతాడు.

లోపాలే కలుపుతాయన్న మాటకు ఒక ఎదురుదెబ్బ ఉంది, దాన్ని దాచడం సరికాదు. 1989లో జపాన్ సంస్థ మాజ్డా ఈ పాత బ్రిటిష్ కార్ల పోలికలోనే, కానీ మొరాయించని, నీరు కారని ఎంఎక్స్-5ను తెచ్చింది. 2016 నాటికి అది పది లక్షలు దాటింది, బ్రిటన్‌లో దాని యజమానుల క్లబ్బూ చాలా పెద్దది. ఆగిపోని కారుకు క్లబ్బు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ క్లబ్బు కార్యక్రమాల్లోనే దొరుకుతుంది. అక్కడ మరమ్మతు స్థానాన్ని ప్రయాణం ఆక్రమించింది. ఇరవై ముప్పై కార్లు వరసగా వేల్స్ కొండదారుల్లోనో స్కాట్లండ్ తీరం వెంటనో వెళ్లడం, ఎక్కడ మలుపు వచ్చినా వెనకనున్న కారు కనిపించేదాకా ముందు కారు ఆగి దారి చూపడం, మధ్యాహ్నం ఒకచోట భోజనం, అదీ వారి కూడిక. అయినా ఆ కార్ల సిల్స్ కూడా తుప్పు పట్టే వయసుకు వచ్చేశాయి కాబట్టి, పాత పాఠాలు అక్కడా మొదలవుతున్నాయి.

ఇలాంటి క్లబ్బులను మరీ ఆదర్శంగా చూడనక్కరలేదు. సభ్యుల్లో నెరిసిన తలలు ఎక్కువ, స్త్రీలు తక్కువ. గ్యారేజీ ఉన్న ఇల్లు, ఆదివారాల తీరిక, పనికొచ్చినా రాకపోయినా ఉంచుకోగల రెండో కారు ఉన్నవారికే ఈ సరదా సాధ్యం కాబట్టి, అద్దె గదుల్లో ఉండే యువతరం దూరంగానే ఉంది. కొత్తవారి ప్రశ్నకు సమాధానం చెప్పేముందు గంటసేపు తమ కారు చరిత్ర చెప్పే పెద్దలూ, ఒక మర చుట్టూ ఉన్న రంగు తప్పని నలుగురిలో వేలెత్తి చూపే పండితులూ కొత్త సభ్యులు మళ్లీ రాకపోవడానికి తమ వంతు సాయం చేస్తుంటారు.

ఎంజీ పేరు మాత్రం మరో దారిన ప్రయాణించింది. 2005లో ఎంజీ రోవర్ సంస్థ కూలిపోయాక దాని ఆస్తులను చైనాకు చెందిన నాన్‌జింగ్ సంస్థ కొని, తర్వాత అదీ షాంఘైకి చెందిన సాయిక్‌లో కలిసిపోయింది. ఆ దారిలోనే గుజరాత్‌లోని హలోల్ కర్మాగారం నుంచి హెక్టర్ వచ్చింది. అబింగ్డన్‌లో పాత కర్మాగారం పక్కనే, కింబర్ పేరు పెట్టుకున్న భవనంలో కార్యాలయం ఉన్న క్లబ్బు కొత్త ఎంజీల యజమానులనూ చేర్చుకుంటుంది. విద్యుత్తుతో నడిచే రెండు సీట్ల సైబర్‌స్టర్ మళ్లీ పాత వరసను గుర్తుచేస్తోంది కూడా. అయితే పాత సభ్యుల ఆసక్తి ప్రస్తుతానికి మరోచోట ఉంది. 1995లో వచ్చిన ఎంజీఎఫ్ కారుకు స్ప్రింగులకు బదులు, వాయువునూ ద్రవాన్నీ గోళాల్లో బంధించి కుదుపులు ఆపే హైడ్రాగ్యాస్ అనే ఏర్పాటు ఉంది. ఆ గోళాలను ఇప్పుడు ఎవరూ కొత్తగా తయారుచేయడం లేదు. కొందరు పాతవాటికే మళ్లీ వాయువు ఎక్కించి వాడుతున్నారు, కొందరు వాటిని పీకేసి మామూలు స్ప్రింగులు వేయించుకుంటున్నారు. స్ప్రింగులు వేసిన కారు అసలైన ఎంజీఎఫ్ అవునా కాదా అన్న వాదం అప్పుడే మొదలైంది.